పచ్చబడిన మూల

“కొన్నది నచ్చకపోతే మారుమాట లేకుండా వెనక్కి తీసుకుంటాం. మీ గడ్డి మీ దొడ్డికి మేమే మోసుకొచ్చి దించుతాం.”

ఇది నల్లకొండ నక్క ఇచ్చిన మాట. ఫోనులో వేలంపాట తెరిచిన రోజున గుట్టమీది బండ ఎక్కి, అందరూ వినేలా చెప్పింది. ఇచ్చినవాళ్లు మరిచిపోతారు. విన్నవాళ్లం మరిచిపోకూడదు. అందుకే కథకన్నా ముందు ఆ మాట రాసిపెడుతున్నాను.

కొండ కింద ఒక దొడ్డి ఉంది. అందులో మైలడు, పుల్లడు అని రెండెద్దులు. ఒకే కాడికి వలపట ఒకడు, దాపట ఒకడు. వాళ్లతోపాటు ఆవు చుక్కమ్మ, ఆమె దూడలు. అందరికీ కలిపి ఒకటే గడ్డివామి. దుక్కి దున్ని, కళ్లం తొక్కి ఎడ్లు సంపాదించిన వామి అది. వేసవంతా దూడలు బతకాల్సింది దాని మీదే. దున్నేవాడిదే భూమి అని గోడల మీద రాసుకున్నాం. భూమి ఎప్పుడొస్తుందో గాని, ఆ గడ్డి మాత్రం నిజంగా దున్నినవాళ్లదే.

నక్క వేలంలో అమ్మేవి పందెం కార్డులు. పూర్వం బండలాగుడు పోటీల్లో గెలిచిన ఎడ్లజతల బొమ్మలు అట్టముక్కల మీద అచ్చేసి, పల్లీపట్టీ పొట్లాల్లో పెట్టి ఇచ్చేవారు. అప్పట్లో వాటిని దూడలు నమిలి పారేశాయి. ఇప్పుడవే అపురూపం. కార్డు అసలుదో కాదో తేల్చడానికి తాటితోపులో గుడ్లగూబ ఉంది. అటూ ఇటూ తిప్పి చూసి, సరుకు ఏపాటిదో చెప్పి ముద్ర వేస్తుంది. నక్క కార్డులకు ఆ ముద్ర ఉండదు.

“ముద్ర లేదేం?” అని చేనుగట్టు దగ్గర మైలడు అడిగాడు.

“ముద్ర పడితే నీకూ నాకూ అందుతుందా, మైలన్నా? లేదు కాబట్టే చవక. ఇప్పుడు కొని, ఆనక ముద్ర వేయించుకో. పదింతలవుతుంది. తెలివిగలవాడివి, నీకు నేను చెప్పాలా?”

ఎద్దును తెలివిగలవాడని ఎవరూ అనరు. అన్నవాడిని ఎద్దు వదులుకోదు.

నక్క ఫోను తెరిచి బొమ్మ చూపించింది. కొండబసవడు, సింగడు జత. కొండబసవడు మైలడి తాత. సింగడు పుల్లడి తాత. ఇద్దరూ కలిసి లాగిన బండ ఇప్పటికీ పందెంబాట పక్కనే పడి ఉంది. దాన్ని మళ్లీ కదిపినవాడు లేడు.

“ఆ మూల చూశావా, ఎలా పచ్చబడిందో? పాతకాలం సరుక్కే ఆ రంగు వస్తుంది,” అంది నక్క.

“వెనకవైపు చూపించు.”

“మీ తాతల మొహాలు ముందుంటాయి గాని వెనకుంటాయా?”

మైలడికి అది సబబుగానే తోచింది.

“పాటలో నీ పేరు ‘కొండపిడుగు’ అని పెడతాను. నువ్వని తెలిస్తే ధర ఎక్కిస్తారు. ఈ సంగతి మీ దొడ్డిలో కూడా అనకు. పక్కవూరి దున్నపోతు కాటయ్య దీని మీద కన్నేశాడు.”

“మా తాత బొమ్మ వాడికెందుకు?”

“పాక గోడకు అంటించి, దానికి వీపు రుద్దుకుంటాడట.”

మైలడు నేల తవ్వాడు. నక్కకు కావలసింది అదే.

ఆ సాయంత్రమే అది పుల్లడి దగ్గరికి వెళ్లింది. అదే బొమ్మ, అదే పచ్చటి మూల, వీపు రుద్దుకునే అదే దున్నపోతు. పుల్లడికి పెట్టిన పేరు ‘ఒంటికొమ్ము’.

కాడి కింద పెరిగిన ఎద్దుకు వచ్చిన చదువు ఒక్కటే. పక్కవాడు అడుగేస్తే నువ్వూ వెయ్యి. వెనకబడితే కాడి వంకరపోతుంది, ములుగర్ర దిగుతుంది. ఎందుకు వేస్తున్నాం అని అడిగే పాఠం ఆ చదువులో లేదు. నక్క వ్యాపారం పెట్టింది సరిగ్గా ఆ లేని పాఠం మీద.

మేత తొట్టికి ఇటు మైలడు, అటు పుల్లడు, మధ్యన తడిక. ఇద్దరూ గడ్డిలో ఫోన్లు దాచుకున్నారు. పాట మొదలైంది.

మైలడు రెండు మోపులన్నాడు. అలాంటి కార్డు సంతలో పలికేది అంతే. ఒంటికొమ్ము మూడంది. కొండపిడుగు నాలుగంది.

“ఏం నములుతున్నావురా అంత గట్టిగా?” అని తడిక అవతల నుంచి పుల్లడు అడిగాడు.

“పంటి కింద రాయి పడింది. నువ్వెందుకు బుసకొడుతున్నావు?”

“ఈగలు.”

పది మోపులు. పావు వామి. సగం వామి. ఒకే వామిని అటునుంచి ఒకడు, ఇటునుంచి ఒకడు ఒడ్డుతున్నారు. ఆఖరికి మైలడు కళ్లు మూసుకుని ‘మొత్తం’ అని గిట్టతో నొక్కాడు. దానిమీద పాడటానికి పుల్లడి దగ్గర ఇంకేం మిగల్లేదు.

మర్నాడు దొడ్డంతా మేతకు పోయిన వేళ చూసి, నక్క గాడిదలను తోలుకొచ్చి, మైలడి తొట్టిలో బొమ్మ పైకి ఉండేలా కార్డు పడేసి, వామి ఎత్తించుకుపోయింది. నక్కకు గడ్డెందుకు అనకండి. గడ్డి ఉన్నచోటికి ఎలకలొస్తాయి. రాలిన గింజలకు కోళ్లొస్తాయి. మిగతాది నక్క చూసుకుంటుంది.

మేత నుంచి తిరిగొచ్చేసరికి వామి ఉండాల్సిన చోట బోడి నేల ఉంది. దూడలు ఆ నేల వాసన చూస్తున్నాయి.

“వామి ఏదిరా?” అంది చుక్కమ్మ.

మైలడు తొట్టిలోంచి కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు. “చూడు వదినా. కాటయ్య పాలబడకుండా కాపాడాను. ఒంటికొమ్మని పేరు పెట్టుకుని ఎందాకా లాగాడనుకున్నావు?”

పుల్లడు నెమరు ఆపేశాడు. “ఒంటికొమ్ము నేనురా.”

“నువ్వా?”

“కొండపిడుగంటే కాటయ్య అని చెప్పింది నక్క.”

చుక్కమ్మ అందుకుంది. “బాగుంది. ఎద్దు ఈనిందని నక్క అంటే, దూడను కట్టేద్దామని ఇద్దరూ పలుపు పట్టుకుని పరిగెత్తారన్నమాట. తడిక మీంచి తల పెట్టి ‘నువ్వూ పాడుతున్నావా’ అని అడగడానికి నోరు రాలేదూ? బొమ్మలో మీ ఇద్దరి తాతలూ ఉన్నారు గదరా. కలిసి పాడుంటే రెండు మోపులతో పోయేది.”

“పోనీ, సరుకైతే అసలుది,” అన్నాడు మైలడు. “మూల ఎంత పాతబడిందో చూడు.”

చుక్కమ్మ ఆ మూల వాసన చూసింది. నాలుకతో తాకింది. “పాతా లేదు, పాడూ లేదు. ఇది పసుపురా. పండగ పండక్కీ నా మొహానికి పూసేదే, నాకు తెలీదా?”

కార్డు తిప్పారు. వెనక ఎవరిదో పెళ్లి ముహూర్తం ఉంది. కింద విందు వేళ ఉంది. నాలుగు మూలలా పసుపు రాసి పంచిన శుభలేఖ అది. దాన్ని ముక్కలు చేసి, పైన క్యాలెండరులోంచి కత్తిరించిన ఎడ్లబొమ్మ అతికించింది నక్క. మైలడు తాత అనుకున్నది ఎవరో ఎరువుల కొట్టు క్యాలెండరులోని ఎద్దు.

ముగ్గురూ కలిసి నక్క బొరియకు వెళ్లారు. వామి పక్కనే ఉంది.

“ఇదిగో నీ సరుకు. నచ్చలేదు. నీ మాట ప్రకారం వెనక్కి తీసుకో,” అన్నాడు మైలడు.

“ఆ మాట ముద్ర ఉన్న సరుక్కి. ముద్ర లేనిది ఉన్నది ఉన్నట్టే. కొనేవాడే చూసుకోవాలి.”

“ఆరోజు బండమీద ఆ సంగతి చెప్పలేదే,” అన్నాడు పుల్లడు.

“మనసులో అనుకున్నాను. మీకు వినబడలేదేమో.”

మైలడు కొమ్ములు వంచాడు. నక్క చటుక్కున బొరియలో దూరి, లోపల్నుంచి పలికింది: “ఈ దుకాణం ప్రస్తుతం అందుబాటులో లేదు. దయచేసి కాసేపాగి ప్రయత్నించండి.”

“వామి ఇక్కడే ఉంది, లాక్కుపోదాం,” అన్నాడు పుల్లడు.

“లాక్కుంటే రేపు దొంగలు ఎడ్లేనని చాటుతుంది. మోసుకొచ్చి దించుతానంది, దించాలి,” అంది చుక్కమ్మ.

దారిలో మైలడు తల ఎత్తలేదు. “ఇక వదిలేద్దాం వదినా. నలుగురికీ తెలిస్తే నవ్వుతారు.”

“నవ్వనీ. శుభలేఖకు మూలలెన్నిరా?”

“నాలుగు.”

“నీ దగ్గరున్నది ఒకటి.”

మైలడు దారి మధ్యలో నిలబడిపోయాడు.

కొనేవాడే జాగ్రత్తపడాలన్నది అమ్మేవాడు కనిపెట్టిన నీతి. మోసపోయినవాడి సిగ్గు ఆ అమ్మేవాడి అసలు పెట్టుబడి. మైలడు ఆ పెట్టుబడినే పెరికేశాడు. సంతరోజున కార్డును తన గంట పక్కన, శుభలేఖ వైపు పైకి ఉండేలా కట్టించుకుని, సంత ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే చెప్పాడు: “దీనికి నేను మా దూడల వేసవి ఇచ్చాను.”

పొట్టేలు నవ్వింది. గాడిదలు మరీ నవ్వాయి. వాటిలో ఒకటి నవ్వు మధ్యలో ఆగి, “మూల పచ్చబడిన కార్డు నాకూ ఒకటి చూపించిందే,” అంది.

కాటయ్య గుంపును తోసుకుని వచ్చాడు. “నా పేరు చెప్పి మిమ్మల్ని కొట్లాడించిందా? నాకు ఫోనే లేదు మైలన్నా. కొన్నా ఏం లాభం, బురదలో మోగదు గదా.” ఆ సాయంత్రమే తన పాక నుంచి దూడలకు మేత పంపాడు. ఇప్పటికీ పంపుతున్నాడు.

తర్వాతి వేలానికి రెండో మూల వచ్చింది. కొండ కింద ఫోనున్న జంతువులన్నీ ఒకేచోట చేరి, తమ దొంగపేర్లు పైకి చెప్పేసుకున్నాయి. పాట మొదలైంది. ఎవరూ పాడలేదు. నక్క రెండు మోపులంది, ఒకటంది, దోసెడు ఊకంది. చివరికి, “ఊరికే పట్టుకుపోండి, దుకాణం గురించి రెండు మంచిమాటలు రాయండి చాలు,” అంది.

అందరూ రాశారు. “మొదటి మూలకు తీసుకున్న గడ్డి ఎప్పుడు దించుతావు?” అని అందరూ అదే రాశారు.

మిగిలిన మూడు మూలలూ ఇంకా నక్క దగ్గరే ఉన్నాయి. కొనేవాడు లేడు. వామి కదలకుండా మైలడు, పుల్లడు వంతులవారీగా కాపలా కాస్తున్నారు. అది చూసి కోళ్లు కూడా అటు రావడం మానేశాయి.

పక్కవాడి అడుగు చూసి పాట పెంచేవాడు ఇద్దరి మేతనూ నక్కకు వేస్తాడు.

నక్కా, నువ్వు బండమీద అన్న మాట ఈ కథ పైనే ఉంది, చదువుకో. వచ్చే జ్యేష్ఠ పున్నమి, ఏరువాకనాడు ఎడ్ల మెడ మీద కాడి ఎక్కేలోపు నీ జవాబు కావాలి.