పచ్చ లక్క డబ్బీ

ఏటిగడ్డ రాజు కోనభూపతికి ఉన్నట్టుండి ఒక పిచ్చి పట్టుకుంది. రాజులకు ఏనుగుల పిచ్చి, రత్నాల పిచ్చి ఉంటుందని విన్నాం. ఈయనకు పట్టింది డబ్బీల పిచ్చి!

డబ్బీలంటే ఏమిటో చెబుతాను. ఆ రాజ్యంలో బంగారు నాణేన్ని టంకశాల పరీక్షకుడు అటూ ఇటూ తిప్పి చూసి, తూచి, మేలిరకమని తేలిస్తే రెండు అభ్రకం రేకుల మధ్య పెట్టేవాడు. అంచు చుట్టూ లక్క పోసి ముద్ర కొట్టేవాడు. అదే డబ్బీ. ఇంక ఆ నాణేన్ని ఎవరూ పంటితో కొరికి చూడక్కర్లేదు. బయటినుంచే తళతళా కనిపిస్తుంది. ఎంత తెలివో చూడండి!

తాతలనాడు మొదట చేసిన డబ్బీలకు పచ్చ లక్క పోశారు. ఎర్ర లక్క తర్వాత వచ్చింది. నాణెం ఖర్చుపెట్టుకోవాలంటే డబ్బీ పగలగొట్టాలి కదా, అందుకని పచ్చవి దాదాపు మిగల్లేదు.

రాజుగారికి కావలసింది సరిగ్గా అదే.

"పచ్చ లక్క డబ్బీ తెచ్చినవారు ఏది అడిగితే అది ఇస్తాను!" అని నిండు సభలో మాటిచ్చేశాడు.

కొన్నాళ్లకు కోశాధికారి దండపాణి మీసం దువ్వుకుంటూ వచ్చాడు. వెండి పళ్లెంలో పచ్చ లక్క డబ్బీ! రాజు దాన్ని వెలుగుకు పట్టి చూసి, సింహాసనం మీదే చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"అసలుసిసలు పాతదే! ఏం కావాలో అడుగు, దండపాణీ!"

"ఏటి ఒడ్డున లక్కతోట ఇప్పించండి ప్రభూ. ఆ చెట్లన్నీ కొట్టించి మేడ కట్టుకుంటాను."

సభలో వెనకగా నిలబడ్డ గుర్రప్ప ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. లక్కపనివాళ్లకు పెద్ద ఆయన. ఆ కొమ్మల మీద పట్టే లక్కే వాళ్ల వీధి మొత్తానికి కూడు.

"మహాప్రభో, ఆ చెట్లు పోతే మేమెట్టా బతకాలి?" అన్నాడు చేతులు జోడించి.

రాజు ముఖం వాడిపోయింది. కానీ ఇచ్చిన మాటాయె!

పక్కనే రాజుగారికి ఆకువక్క అందించే ఓబులమ్మ మెడ సాచి డబ్బీలోకి చూసింది.

"అయ్యో, కోశాధికారిగారూ! లోపల రాగి బిళ్ళుందేమిటండీ? ఈ పక్క లక్క కరిగించి మళ్లీ అతికినట్టుంది. బంగారు నాణెం ఏమైంది?"

దండపాణి చెయ్యి గబుక్కున నడుముకున్న సంచి మీదికి పోయింది. అంతలోనే తమాయించుకున్నాడు.

"ఆకులు చుట్టుకునేదానివి, నీకెందుకే ఇవన్నీ? సేకరించేవాళ్లు పైన ఉన్న డబ్బీని చూస్తారు. లోపల ఏముంటే ఎవడిక్కావాలి?"

"ఓహో! విలువంతా పైదానిదేనాండీ?"

"పైదానిదే!"

"లోపలిది అసలు లెక్కలోకి రాదా?"

"రానే రాదు! కావాలంటే ప్రభువులవారినే అడుగు."

"అవును ఓబులమ్మా," అన్నాడు రాజు నీరసంగా. "నేను అడిగింది డబ్బీనే."

ఓబులమ్మ తీరిగ్గా ఆకుకు సున్నం రాసి, మడిచి, రాజుగారి చేతికిచ్చింది.

"అయితే మహారాజా, వారి మాట ప్రకారమే ఇప్పించండి. తోటకు డబ్బీ అంటే చుట్టూ ఉన్న ముళ్లకంచేగా! అది వారికి. లోపలి చెట్లు లెక్కలోకి రావు కదా, గుర్రప్ప వాళ్లకే ఉండనివ్వండి!"

సభంతా గొల్లుమంది. రాజుకు నవ్వుతో వక్క గొంతుకడ్డుపడింది.

"భటులారా! కంచె మొత్తం పీకి, దండపాణిగారి వాకిట్లో దించి రండి. ఒక్క ముల్లు కూడా పోకూడదు సుమా, విలువైనది!"

గుర్రప్ప కళ్లు తుడుచుకుంటూ, "కొత్త కంచె మేమే వేసుకుంటాం దొరా!" అన్నాడు.

"ఇక లెక్కలోకి రాని ఆ నాణెం ఇటివ్వు!" అంటూ రాజు దండపాణి వైపు చెయ్యి చాచాడు. వాడు సంచిలోంచి బంగారు నాణెం తీసిచ్చాడు. ధగధగలాడుతోంది.

"ఇది నీకు బహుమానం, ఓబులమ్మా. చక్కగా డబ్బీలో పెట్టించి ఇమ్మంటావా?"

ఓబులమ్మ గభాలున కొంగు పట్టింది.

"వద్దు మహారాజా! డబ్బీ మీరుంచుకోండి, నాకు లోపలిది చాలు!"