పీరమ్మ పాటకు పెట్టె

మస్తానయ్య ఇంట్లో మూడు ఆంప్లిఫయర్లు చేరాయి. ఒక్కటీ ఆయనకు నచ్చలేదు.

మూడూ చిన్నవే. టిఫిన్ డబ్బా పక్కన పెడితే డబ్బాయే పెద్దగా కనిపిస్తుంది. చిన్న మందుల షాపు నడుపుకునే మనిషికి పెద్దవి కొనే స్తోమత ఎక్కడిది? ముందుగదిలో ఉన్న రెండు స్పీకర్లకు ఈ మాత్రం పవర్ చాలని అమ్మినవాళ్లంతా చెప్పారు. మొదటిదాంట్లో గొంతు పల్చగా వస్తోందని ఆయన రెండోది తెచ్చుకున్నాడు. రెండోదాంట్లో బేస్ ఎక్కువై గొంతు బొంగురుపోయినట్టుందన్నాడు. మూడోది అద్దంలా పలికింది. మరీ అంత శుభ్రంగా పలకడమే దాని తప్పన్నాడు. ప్రొద్దుటూరులో ఆయన వీధి మలుపులో కనబడితే చాలు, సౌండు సామాన్ల షాపువాళ్లకు లోపల ఏదో పని గుర్తొచ్చేది.

నవ్వొచ్చే సంగతే. కానీ ఆయన వినాలని తపించింది సినిమా పాటలు కాదు. పోయిన చలికాలం కన్నుమూసిన భార్య పీరమ్మ గొంతు.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఓబులదాసు గారి దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లు. పున్నమికి పున్నమికి గురువుగారి ఇంట్లో తంబురా పెట్టుకుని తత్వాలు పాడతారు. నలుగురిలో పీరమ్మ గొంతు విప్పేది కాదు. ఇంట్లో మాత్రం ఆ నోరు ఊరుకునేది కాదు. ఒకసారి ఆమె అక్క కూతురు పట్టుబట్టి, ఫోను మూతి దగ్గర పెట్టి, ఒక తత్వం మొదటినుంచి చివరిదాకా పాడించింది. ఆ ఒక్క పాటే మిగిలింది.

మస్తానయ్య స్పీకర్లు ఎదురుగా పెట్టుకుని కళ్లు మూసుకుని వినేవాడు. గొంతు ఆమెదే. మాటలు ఆమెవే. ఆమె మాత్రం వచ్చేది కాదు.

రోజులు గడిచేకొద్దీ తాను ఎరిగిన గొంతు మనసులోంచి జారిపోతోంది. ఇంకొన్నాళ్లకు ఈ పెట్టెలోని గొంతే ఖాయమైపోతుందేమోనని ఆయనకు భయం పట్టుకుంది. ఆ భయంతో తిండి సహించలేదు. చివరికి గురువు దగ్గరికి పోయాడు.

"స్వామీ, శ్రుతి రవ్వంత తప్పినా మీ చెవి పట్టేస్తాది. మీరొచ్చి ఆ మూడింట్లో ఏది ఉంచుకోవాల్నో చెప్పండి. పీరమ్మ ఎట్ల పాడతాండెనో అట్లనే పలకాల. నాకింకేం వద్దు."

"కరెంటు పెట్టెల సంగతి నాకేం తెలుసు నాయనా?" అన్నాడు ఓబులదాసు. అన్నాడే గానీ, పైపంచె భుజాన వేసుకుని లేచాడు.

మస్తానయ్య ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, వైర్లు మార్చి మార్చి మూడింటిలోనూ ఆ పాటే వినిపించాడు. వినిపించడంతో ఊరుకున్నాడా? వాట్లన్నాడు, ట్రెబుల్ అన్నాడు, స్పీకర్ల మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పాడు. గురువుగారు బుద్ధిమంతుడైన శిష్యుడిలా అన్నిటికీ తలూపాడు.

"ఏది మంచిది స్వామీ?"

"ఆమె పాడేటప్పుడు నువ్వు యాడ కూసుంటాంటివి?"

"ఈడనే, మీరు కూసున్న కుర్చీలోనే. పేపరు సదువుతాంటి."

"ఆమె?"

"లోపల వంట చేసుకుంటా పాడతాండె."

"ఎప్పుడన్నా ఎదురుగా కూసోబెట్టుకొని పాడించుకున్యావా?"

మస్తానయ్య చేతిలోని వైరు కింద పెట్టాడు. "లేదు స్వామీ," అన్నాడు. ఆ మాట ఆయనకే వినబడనంత మెల్లగా వచ్చింది.

ఓబులదాసు లేచి, అప్పటికి ఏ పెట్టెకు వైర్లు తగిలించి ఉన్నాయో ఆ పెట్టెనే చంకన పెట్టుకున్నాడు. చేతికొక స్పీకరు తీసుకుని వంటింట్లోకి నడిచాడు.

"స్వామీ, ఆడ పెడితే సౌండంతా పాడైతాది! నడుమ గోడ అడ్డం!" అంటూ మస్తానయ్య వెంటబడ్డాడు.

గురువు వినిపించుకోలేదు. ఉప్పు జాడీ, పోపు డబ్బా పక్కకు జరిపి స్పీకర్లు గట్టు మీద పెట్టాడు. వాటి ముఖాలు పొయ్యివైపు తిప్పాడు. శిష్యుడి చేత పెట్టెను అక్కడి ప్లగ్గుకు పెట్టించాడు.

"ఇప్పుడు పోయి కూసో. పాట పెట్టు."

మస్తానయ్య అయిష్టంగానే వచ్చి కుర్చీలో కూర్చుని, బ్లూటూత్‌తో పెట్టెకు కలిపిన ఫోను నొక్కాడు.

పాట గోడను చుట్టుకుని, గుమ్మం దాటి వచ్చింది. సన్నగా వచ్చింది. సగం మాటలు లోపలే ఉండిపోయాయి. చరణం చివర దీర్ఘం ఒక్కటే గదిలోకి వచ్చి, మళ్లీ వెనక్కి పోయినట్టయింది. మస్తానయ్య చెయ్యి దానంతటదే టీపాయి మీది పేపరు అందుకుంది. అక్షరం కళ్లకు కనబడటం లేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పీరమ్మ ఇంట్లో ఉంది.

రెండో చరణం సగంలో ఉండగా, నోరు ఎప్పటిలాగే కేకేసింది.

"పీరమ్మా, రోంత నీళ్లు తే!"

కేకేశాక గాని కేకేసినట్టు ఆయనకు తెలియలేదు.

పాట ఆగలేదు.

ఆ రోజుల్లో ఆగేది. ఆయన పిలిచిన ప్రతిసారీ, ఎక్కడున్న మాట అక్కడ ఆగిపోయేది. నీళ్లిచ్చి వెళ్లాక ఆమె మళ్లీ ఎత్తుకునేది కాదు. ఆ తత్వానికి మూడో చరణం ఒకటుందని, ఆమె పోయాక ఫోనులో విన్నప్పుడే ఆయనకు తెలిసింది.

పేపరు ఒళ్లోకి జారింది. మస్తానయ్య గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

లోపలినుంచి ఓబులదాసు గ్లాసు పట్టుకుని వచ్చాడు. తొణక్కుండా దాన్ని శిష్యుడి చేతిలో పెట్టాడు.

"నీళ్లు నేను తెచ్చినాలే నాయనా," అన్నాడు. "ఆమెను పాడనీ."