ఎవరూ కాదనని మాట

అనగా అనగా, అడవికీ అడవికీ మధ్య పొలిమేరలుండే కాలంలో, ఒక ఏటి ఒడ్డున నాలుగు చిన్న అడవులుండేవి. జింకలది ఒకటి, నెమళ్ళది ఒకటి, కోతులది ఒకటి, ఎలుగులది ఒకటి. ఎలుగుల తేనె పిచ్చి సంగతి మొదలుపెడితే పొద్దు చాలదు గాని, కథకు కావలసినంత చెప్పుకుందాం.

నాలుగు అడవులకూ ఒక కట్టుబాటు. లోపల ఎన్ని తగాదాలున్నా, బయటివాళ్ళకు నలుగురిదీ ఒకే మాట. ఒక్కరు కాదన్నా ఆ మాట పొలిమేర దాటకూడదు.

ఏటి అవతలి తోడేళ్ళు కబురంపాయి: "ఈ చలికాలం జింకల బయలులో విడిది చేస్తాం. మీ జవాబు రాకుంటే ఒప్పుకున్నట్టే."

జింకల రాణి శబలకు కాలు నిలవలేదు. బయలు నిండా అప్పుడే పుట్టిన పిల్లలు. పరుగున సభ కూర్చింది.

"రావద్దని చెబుదాం" అంది.

నెమలి సరేనంది. కోతి సరేనంది. ఎలుగుల రాజు ఘుర్ఘురుడు మాత్రం కాదన్నాడు.

"తేనెపట్లన్నీ తోడేళ్ళ కొండ మీదే ఉన్నాయమ్మా. నా నోటితో రావద్దంటే, మమ్మల్ని కొండెక్కనిస్తాయా?"

"మామ ఆలోచనంతా కడుపులోనే" అని కోతి ఇకిలించింది.

"నీలా తోకలో కాదులే!"

సభ చెదిరింది.

మర్నాడు నెమలి మాటను మెత్తబరిచింది. 'రావద్దు' కాస్తా 'రాకుంటే మేలు' అయింది. ఘుర్ఘురుడు తల అడ్డంగా ఊపాడు. 'ఆలోచించి రండి' అయింది. అప్పుడు సరేనన్నాడు.

శబల గిట్టతో నేలను తన్నింది. "ఈ మాట వింటే పళ్ళు తోముకుని మరీ వస్తాయి!"

మూడోనాడు జవాబు కోసం రాయబారి తోడేలు ఏరు దాటుతోంది. శబల తిరిగినచోటే తిరుగుతూ, ఉన్నట్టుండి ఆగింది.

"నెమలక్కా, మన కట్టుబాటు ఏమంటోంది? నలుగురూ ఔననాలనా, ఎవరూ కాదనకూడదనా?"

నెమలి మెడ సాచి ఆలోచించింది. "ఎవరూ కాదనని మాట అందరి మాట. పెద్దలన్నది అంతే. నలుగురూ ఔనంటూ వచ్చాం గనుక, అదే కట్టుబాటనుకున్నాం."

"మామా, నిన్ను ఔననమని అడగను" అంది శబల. "కాదనకు, చాలు."

తోడేలు వచ్చింది. "రావద్దు" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

తోడేలు నవ్వి, ఎలుగు చెవి దగ్గర చేరింది. "నీ గొంతు వినబడలేదే రాజా! కాదని ఒక్క మాట అను. కొండ మీది పట్లన్నీ నీవే."

ఘుర్ఘురుడు పెదవులు నాకాడు. అతడు బయలు వైపు చూశాడు. అక్కడ ఓ జింకపిల్ల నిలబడబోయి తూలిపడుతోంది. ఘుర్ఘురుడు నోరు తెరిచాడు. పెద్దగా ఆవులించి, మూసుకున్నాడు.

"మౌనం అర్ధాంగీకారం" అంది నెమలి.

"సగమేగా!" అని గుర్రుమంది తోడేలు.

"మిగతా సగం తేనెకు వదిలేశాం. ఇక దయచెయ్యి" అంది కోతి.

ఒక్క జింకల మీదికైతే వచ్చేవే గాని, నాలుగు అడవుల మాటను కాలదన్నడానికి తోడేళ్ళకు గుండె చాలలేదు. పోనీ, ఎలుగును కొండెక్కనివ్వకుండా కసి తీర్చుకుందామా అంటే, అతడు పల్లెత్తు మాట అనలేదాయె!

గొంతు కలపలేనివాడు అడ్డు చెప్పకపోవడమూ ఐకమత్యమే.