నాలుగు కిటికీల బాకా

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెడతాననుకున్నారు కదూ? లేదు, ఈ కథలో అడవే లేదు. అనగనగా కాకినాడ రేవులో ఒక బియ్యం గోడౌను ఉంది. ఆ గోడౌను చూరులో పలుకులమ్మ అనే గోరింక ఉంది. దాని నోటికి మూత ఉండదు. నిద్రలో కూడా ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది. వినడమంటే మాత్రం మహా బద్ధకం. ఎవరేం చెప్పబోయినా సగంలోనే అందుకుని, మిగతా సగం తనే చెప్పేస్తుంది.

ఒకరోజు ఓడలోకి బియ్యం ఎక్కిస్తున్నారు. చిరిగిన బస్తాలోంచి గింజలు రాలుతున్నాయి. పలుకులమ్మ ఒక్కో గింజా ఏరుకుంటూ ఓడెక్కింది. కడుపు నిండాక తాళ్ళ చుట్ట మీద కునుకు తీసింది. లేచి చూస్తే కాకినాడ లేదు. ఎటు చూసినా నీళ్ళే!

"సరేలే, ఓడ ఎలా వెళ్ళిందో అలాగే వెనక్కి రాకపోతుందా! ఈలోగా ఊళ్ళు చూసినట్టూ ఉంటుంది," అనుకుంది. అంతకుమించి దిగులుపడలేదు. దిగులుపడటానికి కూడా కాసేపు నోరు మూసుకోవాలి కదా!

ఓడ వెళ్ళి వెళ్ళి, జర్మనీ దేశంలో ఎల్బే అనే పెద్ద నదిలోకి తిరిగింది. ఆ నదిలో ఎదురెళితే హాంబుర్గ్ అనే పాత రేవు పట్టణం వస్తుంది. ఊరింకా దూరంగా ఉండగానే ఒక వింత జరిగింది. ఒడ్డున పొడవాటి స్తంభం మీద జెండా మర్యాదగా కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది. మైకులోంచి స్వాగతం పలికారు. ఆ వెంటనే మన దేశపు పాట మోగింది!

పలుకులమ్మ ఈకలు సర్దుకుంది. "చూశారా! నేనొస్తున్నట్టు వీళ్ళకి అప్పుడే కబురందిపోయింది," అంది.

ఓడ కమ్మీ మీద ఒక తెల్లటి సముద్రపక్షి వాలి ఉంది. దాని పేరు హైకె. పుట్టింది, పెరిగింది, ముసలిదయింది అంతా ఆ రేవులోనే. అది నవ్వింది.

"అమ్మాయ్, ఆ పాట ఎందుకు వేస్తారంటే..."

"తెలుసులే అక్కా! కాకినాడ గోరింక అంటే మాటలా? ఆయ్! ఇంతకీ మీ ఊళ్ళో చూడాల్సినవి ఏమేం ఉన్నాయి?"

హైకె తల విదిలించింది. "ఎల్లుండి మధ్యాహ్నానికి నీ ఓడ తిరుగు ప్రయాణం. అందాకా చూపిస్తాను, పద," అంది.

మర్నాడు ఆదివారం. తెల్లారుతూనే హైకె దాన్ని నది ఒడ్డున చేపల సంతకి తీసుకెళ్ళింది. అబ్బో, ఏం సందడి! చేపలూ, పూలమొక్కలూ, బుట్టలూ, కేకలూ! ఒక పళ్ళవాడు బండి మీద నిలబడి, గొంతు చించుకుని అరుస్తూ, అరటిపళ్ళు జనం మీదికి విసురుతున్నాడు. అందులో ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి సరిగ్గా పలుకులమ్మ కాళ్ళ దగ్గర పడింది.

"నాకు నైవేద్యం!" అంది పలుకులమ్మ.

"అమ్మాయ్, ఆయన అలా ఎందుకు విసురుతాడంటే..."

"అడగకుండానే పెట్టాడు, మర్యాద తెలిసినవాడు! తర్వాతేమిటి?"

తర్వాత పెద్ద చర్చి గోపురం. మధ్యాహ్నమయ్యేసరికి ఇద్దరూ దాని అంచు మీద వాలారు. పై అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది. ఒకాయన బాకా బయటికి పెట్టి, తీయగా పాట వాయించాడు. వందల ఏళ్ళ నుంచీ ఆ ఊళ్ళో ఉన్న ఆచారం అది. ఆ కిటికీ సరిగ్గా పలుకులమ్మకి ఎదురుగా ఉంది. పలుకులమ్మకి ఆనందంతో ఒళ్ళు పులకరించింది.

"అమ్మాయ్, కాస్త ఆగు, ఆయన ఇంకా..."

"చాలక్కా, చాలు! మరీ అంత పొగిడించుకుంటే బాగుండదు. ఆకలేస్తోంది, పద!"

కిటికీ మూసుకునే లోపే తుర్రుమంది. హైకె నిట్టూర్చి వెనకాలే ఎగిరింది.

సాయంత్రానికి వాన మొదలైంది. వానంటే కాకినాడ వాన అనుకునేరు! ఎముకలు కొరికే చలివాన. హైకె దాన్ని కాలవల పక్కనున్న పాత గిడ్డంగుల దగ్గరికి తీసుకెళ్ళింది. అన్నీ ఎర్ర ఇటుకల మేడలే. మిరియాల వాసన, దాల్చినచెక్క వాసన. ఒకచోట కాఫీ గింజలు వేయిస్తున్నారు. ఆ గోడలో ఉన్న చిన్న గూటిలోకి లోపలి నుంచి వెచ్చటి గాలి వస్తోంది.

"రాత్రికి ఇక్కడ పడుకో," అని చెప్పి హైకె తన చోటికి వెళ్ళిపోయింది.

పలుకులమ్మ రెక్కలు చాచుకుని గూడంతా తనే అయిపోయింది. "నా కోసమని వెచ్చబెట్టి మరీ ఉంచారు," అనుకుంది.

అంతలో ఒక చిన్న పచ్చ చిలుక వచ్చి గూటి అంచున వాలింది. నిలువెల్లా తడిసి, గజగజా వణుకుతోంది.

"అక్కగారూ, నా పేరు టికో. కాఫీ బస్తాల ఓడలో చాలా దూరం నుంచి వచ్చాను. ఆ ఓడ నన్ను వదిలేసి..."

"ఓడ వెళ్ళిపోయింది, చోటు కావాలి, అంతేగా?"

"కొంచెం జరిగితే చాలండీ. ఓ మూల ఒదిగిపోతాను."

చోటుందా అంటే, ఉంది. ఇంకో మూడు చిలకలకి కూడా ఉంది. కానీ పలుకులమ్మ మెడ నిక్కించింది.

"చూడు నాయనా! పాట పాడి పిలిచారు, పండు పెట్టారు, బాకా ఊదారు. ఇన్ని మర్యాదలు నాకు చేస్తుంటే, నేను నా గూట్లో దారినపోయేవాళ్ళని పెట్టుకుంటే ఊరివాళ్ళు ఏమనుకుంటారు? వేరే చోటు చూసుకో."

టికో తడి రెక్కలు విదిలించుకుంది. వానలోకి ఎగిరిపోయింది.

మర్నాడు పొద్దున పలుకులమ్మ మళ్ళీ గోపురం ఎక్కింది. వెళ్ళేముందు ఇంకోసారి బాకా ఊదించుకుందామని దాని ఆశ! వాన ఇంకా సన్నగా పడుతోంది. హైకె కూడా వచ్చి పక్కన కూర్చుంది. కిటికీ తెరుచుకుంది, బాకా మోగింది. పలుకులమ్మ తల వంచి అందుకుంది. పాట అయింది. చలికి ఎగరబుద్ధి కాక, ఈసారి అక్కడే ముడుచుకుని కూర్చుంది.

అప్పుడు గోపురానికి రెండో పక్కన కిటికీ తెరుచుకుంది. అదే పాట, మొదటి నుంచి చివరిదాకా. ఆ తర్వాత మూడో పక్క. ఆపైన నాలుగో పక్క. అటువైపు ఎవరూ లేరు. ఖాళీ ఇళ్ళ పైకప్పులూ, వానా, దూరంగా ఓడరేవు క్రేనులూ. అయినా ఆయన ఒక్క ముక్క తగ్గించకుండా వాయించాడు.

"అక్కా, ఆయన నన్ను వెతుక్కుంటున్నాడా?" అంది పలుకులమ్మ.

"లేదమ్మాయ్. నాలుగు దిక్కులకీ వాయించడం ఆయన పని. సంతలో పళ్ళవాడు అందరికీ విసురుతాడు. నది ఒడ్డున ప్రతి ఓడకీ దాని దేశపు పాట వేస్తారు. నిన్న కాక మొన్న ఒక తుప్పు పట్టిన ఓడ వచ్చింది. దానికీ అంతే మర్యాద. మొదటి నుంచీ ఇదే చెప్పబోతున్నాను."

పలుకులమ్మ ముఖం చిన్నబోయింది. "అయితే అదంతా నాకు కాదన్నమాట!"

"నీకు కాదని ఎవరన్నారు? నీకే. ఆ తుప్పు ఓడకి కూడా. వాళ్ళకి వేసినంత మాత్రాన నీ పాట ఏమైనా పొట్టిదయిందా?"

పలుకులమ్మ ఆలోచించింది. పాట పొట్టిదవలేదు. అరటిపండు తీపీ తగ్గలేదు. వెచ్చటి గూడు గుర్తొచ్చింది, వణికే పచ్చ రెక్కలు గుర్తొచ్చాయి.

"అక్కా! రాత్రి ఒక చిలకని వానలోకి తోలేశాను!" అని ఏడ్చేసింది.

రేవులో ఓడ కూత వేసింది. కాకినాడ ఓడే! బయల్దేరే వేళవుతోంది.

పలుకులమ్మ ఓడవైపు చూడలేదు. గోపురం అంచున నిలబడి, గొంతెత్తి పిలిచింది. "టికో! ఓ టికో!" నది వైపు నుంచి జవాబు లేదు. రెండో పక్కకెళ్ళి పిలిచింది. గంటల మోత తప్ప ఏమీ లేదు. మూడో పక్కా అంతే. నాలుగో పక్క నుంచి పిలిస్తే, ఎక్కడో వంతెన కింద నుంచి సన్నగా "కీచ్" మని వినిపించింది.

టికో వంతెన కింద ఇనప కొక్కేన్ని పట్టుకుని వేలాడుతోంది. రెక్కలు ముద్దయిపోయాయి, ఎగరలేకపోతోంది. పలుకులమ్మ ఒక పక్కా, హైకె ఒక పక్కా ఆనించి, గెంతించి, ఎగిరించి, ఎలాగో కాఫీ గూటికి చేర్చారు. టికోని లోపలి మూలకి పెట్టి, పలుకులమ్మ వానకి అడ్డంగా బయటి అంచున కూర్చుంది.

"తప్పయిపోయింది, టికో. రాత్రి నీ మాట పూర్తిగా విననే లేదు. ఇప్పుడు చెప్పు."

టికో చెప్పడం మొదలుపెట్టింది. తన తోటల గురించి, తనని వదిలేసిన ఓడ గురించి, తోడులేని రాత్రుల గురించి. ఓడ రెండోసారి కూత వేసింది.

"అమ్మాయ్, ఓడ కదులుతోంది!" అంది హైకె కంగారుగా.

"కదలనీ అక్కా. పూర్తిగా చెప్పనియ్యి."

మధ్యలో ఒక్కసారి కూడా అందుకోలేదు. పలుకులమ్మే! నమ్మరు కదూ?

మాట అయ్యేసరికి వాన వెలిసింది, టికో రెక్కలూ ఆరాయి. "మా ఊరు వస్తావా? ఎండకి కరువు లేదు, జామతోటలున్నాయి," అంది పలుకులమ్మ. టికో కళ్ళు మెరిశాయి.

"అయితే పదండి! పెద్ద ఓడలు రేవు దాటేదాకా నత్తనడకే!" అని హైకె ముందు ఎగిరింది. ముగ్గురూ ఇళ్ళ పైకప్పుల మీదుగా, పడవల మీదుగా, తెరచాపల మధ్య నుంచి రివ్వున పోయి, నది మలుపులో ఓడని పట్టేశారు. ఓడ వెనకభాగంలో పొగగొట్టం పక్కన వెచ్చటి పలక ఒకటుంది. టికో అక్కడ వాలి, కొంచెం పక్కకి జరిగింది. పలుకులమ్మ వాలి, ఇంకొంచెం జరిగింది.

హైకె రెక్కలు విప్పింది. "ఇక నేను వెళ్ళొస్తానర్రా."

"అంత ఆయాసపడుతూనా? చాల్లే అక్కా, నువ్వూ రా. కాసేపు వెచ్చబడి వెళ్ళు," అంది పలుకులమ్మ.

ముగ్గురు కూర్చునేసరికి చోటు ఇరుకైంది. వెచ్చదనం మాత్రం ఎక్కువైంది.

నీతి: అందరికీ అందిన ఆదరణలో మన వంతు ఏమీ తగ్గదు. దాన్ని అందుకున్నవాళ్ళు పక్కవాళ్ళకి చోటివ్వాలి.