ఒక్కొక్కరే దాటే వాలు

పూర్ణబోధ స్వామిని ఏదైనా అడిగితే సూటిగా చెప్పరు. అంగవస్త్రం సర్దుకుని ఎవరి కథో ఎత్తుకుంటారు. ఆ సాయంత్రం హైమ అనే శిష్యురాలు అడిగింది: "మా తమ్ముడు తాగి తాగి పాడైపోతున్నాడు స్వామీ. చెబితే వినడు, నేనా చూడలేను. అందుకే ఇక్కడికొచ్చి కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నాను. అది చాలదా?"

స్వామి ఇలా చెప్పారు.

హిమాలయాల్లో మంచుచరియలు విరిగిపడే చోట కాపలా కాసే జట్టు ఒకటుండేది. రతన్, లామో అందులోనే పరిచయమై పెళ్ళి చేసుకున్నారు. ఆకాశం ఉతికి ఆరేసినట్టున్న ఒక ఉదయం, ఒక మంచు వాలుకు అవతలి ఊళ్ళో జబ్బుపడిన మనిషికి మందులు చేర్చాల్సి వచ్చింది. జట్టు పెద్ద దోర్జే ముందే బాంబులు పేల్చి పైనున్న వదులు మంచును కిందికి దింపేశాడు. ఆ తర్వాత గొయ్యి తవ్వి, మిగిలిన పొరల్ని వేళ్ళతో తడిమి చూశాడు. "గట్టిగానే ఉన్నట్టుంది" అన్నాడు. గట్టిగా ఉందని మాత్రం అనలేదు.

అలాంటి వాలు మీద ఒక్కొక్కరే నడవాలి, మిగతావాళ్ళు గట్టు మీద నిలబడి చూడాలి. అది వాళ్ళ పద్ధతి. బరువు తక్కువ కాబట్టి లామో సంచీ తగిలించుకుని ముందు బయల్దేరింది. రతన్ ఆమె చెయ్యి వదల్లేదు.

"ఇద్దరూ కలిసి పోతే తవ్వేదెవరు, మీ అత్తగారా?" అన్నాడు దోర్జే. లామో నవ్వి చెయ్యి విడిపించుకుంది.

అంత తెల్లదనంలో ఆమె నీలం టోపీ ఒక్కటే కదులుతోంది. ఎంత చిన్నదో అది. రతన్ చూడలేక కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. దోర్జే అతని మెడ మీద ఒక్కటి వేశాడు.

"కళ్ళు తెరువురా. వాలు జారితే ఆమె ఎక్కడ మునిగిందో నాకు చెప్పాల్సింది నువ్వు, దేవుడు కాదు."

తెరిచాడు. చలిగాలికి నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యలేదు.

గుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. వాలులో ఒక ముక్క జారింది. నీలం టోపీ ఒకసారి పైకి తేలి, నల్లబండ పక్కన మాయమైంది. మంచు ఆగిందని దోర్జే చెయ్యి ఊపగానే రతన్ పార అందుకుని తిన్నగా ఆ బండ దగ్గరికే పరిగెత్తాడు. తవ్వగా తవ్వగా ఆమె వేళ్ళు తగిలాయి, తర్వాత మొహం. ఆ మొహంలో కదలిక లేదు. కాసేపటికి దగ్గింది.

స్వామి అక్కడితో ఆపారు. హైమ మెల్లగా, "తవ్వుతున్నంతసేపూ అతను దేవుడికి దణ్ణం పెట్టుకోలేదా స్వామీ?" అంది.

"చేతుల్లో పార ఉందమ్మా" అన్నారు స్వామి.