మూడు చుక్కల పంచె

సముద్రం అంచున, మొగలి పొదల మధ్య, ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు మొగలిరేవు. ఇప్పుడు ఆ రాజ్యమూ లేదు, ఆ రేవూ పూడిపోయింది. ఆ రోజుల్లో మాత్రం అక్కడ తెల్లవారేది మగ్గాల చప్పుడుతోనట. నేతవీధిలో నలభై ఇళ్ళు, నలభై ఇళ్ళల్లోనూ మగ్గాలు. ఆ టకటకలు మొదలైతే ఆడవాళ్ళు లేచి వాకిళ్ళు ఊడ్చుకునేవాళ్ళు. ఆ టకటకలు ఆగితే అన్నంవేళ అయిందని పొయ్యి మీద కుండ దించేవాళ్ళు.

ఓడలు అప్పుడూ వచ్చేవి. కర్పూరమూ లవంగాలూ గుర్రాలూ దింపి, మన పంచెలూ చీరలూ మూటలు మూటలుగా ఎక్కించుకుని వెళ్ళేవి. నిండుగా వచ్చిన ఓడ నిండుగానే వెళ్ళేది. పెద్దరాజుగారు ఉన్నన్నాళ్ళూ అలాగే సాగింది.

ఆయన పోయాక కొడుకు కంఠీరవ భూపతి గద్దె ఎక్కాడు. చెడ్డవాడు కాదు పాపం. కాకపోతే గొప్ప ఎక్కువ. ఆయన కొలువులోకి వచ్చే ముందు బిరుదులు చదవడానికే ఒక మనిషి ఉండేవాడు. ఆ చదవడం పూర్తయ్యేసరికి నిలబడ్డవాళ్ళకి మోకాళ్ళు లాగేవి.

ఒక ఏడాది పరదేశం నుంచి ఓడ షావుకారు ఒకడు వచ్చాడు. నెమలి కంఠం రంగు పట్టు, పువ్వుల అద్దకాలు, పల్చటి తలపాగాలు తెచ్చి రాజుగారి ముందు పరిచాడు.

"డబ్బు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు మహారాజా. ముందు కట్టుకోండి. మెల్లగా ఇద్దురుగాని," అన్నాడు.

ఆ మాట రాజుగారికి బెల్లంముక్కలా తోచింది. రేవులో సుంకం ఎత్తేశాడు. నాటు నేత కట్టుకుని ఎవరూ కొలువుకి రాకూడదన్నాడు. ఊరంతా అరువు మీద బట్టలు తీసుకోవచ్చని దండోరా వేయించాడు. షావుకారు అడిగితే దండోరా చివర ఇంకో ముక్క కూడా చేర్పించాడు.

"వెల పూర్తిగా తీరేదాకా ఆ బట్ట ఓడ షావుకారు సొత్తహో!"

ఆ ముక్క ఎవరూ విననేలేదు. అప్పటికే అందరూ రేవువైపు పరుగు తీశారు.

మూడేళ్ళు గడిచాయి. పొలాలున్నవాళ్ళు రాబోయే పంట రాసిచ్చి చీరలు తెచ్చుకున్నారు. పొలాల్లేనివాళ్ళు రాబోయే కూలి రాసిచ్చి తెచ్చుకున్నారు. నేతవీధిలో ఒక్కో మగ్గమే ఆగిపోయింది. వాకిళ్ళు ఊడ్చుకునే ఆడవాళ్ళు ఆలస్యంగా లేవసాగారు. ఎందుకు ఆలస్యమవుతోందో వాళ్ళకే తెలియలేదు.

రాజుగారు మాత్రం రోజూ పొద్దున్నే మేడ ఎక్కి చాకిరేవు వైపు చూసేవాడు. తాళ్ళ నిండా ఆరేసిన ఎరుపులు, పచ్చలు, ఊదాలు. "నా రాజ్యం ఎంత కలిగిన రాజ్యమైందో!" అని మీసం దువ్వుకునేవాడు. ఆయన రాజ్యం బాగోగులు చూసుకునే పద్ధతి అదీ.

ఆ బట్టలు ఉతికేది గవరమ్మ. అత్తగారి కాలం నుంచీ కోటకి చాకలి ఆ ఇంటివాళ్ళే. గవరమ్మ నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. కానీ ఎవరింట్లో పురుడొచ్చిందో, ఎవరింట్లో జ్వరమో, ఎవరు కొత్త బట్టలు కొని పాత అన్నం తింటున్నారో మూట విప్పగానే ఆమెకు తెలిసిపోయేది.

చాకలివాళ్ళు నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన గుర్తు వేస్తారు. ఎన్నేళ్ళు ఉతికినా అది పోదు. ఒక ఇంటికి అడ్డగీత, ఒక ఇంటికి రెండు నిలువుగీతలు, కోటకి మూడు చుక్కలు. ఏ గుర్తున్న బట్ట ఆ గుర్తింటికే చేరాలి. ఆ వృత్తిలో అదే ధర్మం.

ఒకరోజు నేతవీధి పెద్ద సోమలింగం కొలువుకి వచ్చాడు. నాటు నేత కట్టుకుని లోపలికి రాకూడదు కనుక ఎవరిదో పువ్వుల ఉత్తరీయం అడిగి కప్పుకొచ్చాడు. అది భుజం మీద నిలవక జారిపోతూ ఉంది.

"మహాప్రభో! మా వీధి ఖాళీ చేయమన్నారు. నలభై ఇళ్ళవాళ్ళం ఎక్కడికి పోతాం?"

"కోట బాకీ కింద షావుకారుగారు ఆ చోటు అడిగారయ్యా. గిడ్డంగులు కట్టుకుంటారట," అన్నాడు రాజు. "మూలపడ్డ మగ్గాలకి అంత చోటెందుకు? పొద్దున్నే మేడ ఎక్కి చూడు. మా నాన్నగారి కాలంలో ఆ తాళ్ళ మీద తెలుపు తప్ప ఏముంది? ఇప్పుడెన్ని రంగులు! ఓడలు చూడు, బరువుగా మునిగి మరీ వెళ్తున్నాయి. మన సరుకు పోకపోతే అంత బరువెక్కడిది? రాజ్యం వెలిగిపోతుంటే నువ్వొక్కడివీ ఏడుస్తావేం?"

కొలువంతా నవ్వింది. ఆ నవ్వు ఆగాక ఒక మూల నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఆ బట్టలు ఎవరివి మారాజా?"

అందరూ తిరిగి చూశారు. రాజుగారు నడిచే దారిలో మడుగు బట్టలు పరచడానికి వచ్చిన గవరమ్మ తలుపు పక్కన ఒదిగి నిలబడి ఉంది. అడిగేసినందుకు ఆమెకే భయం వేసినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరివేమిటి? నా ప్రజలవి!"

"చిత్తం. చదువులేనిదాన్ని. తెలియక అడిగాను."

రాజుకి హుషారొచ్చింది. "తెలియకపోతే తెలుసుకో. పున్నమి కొలువులోగా ఆ బట్టల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నా ప్రజలది కాదని చూపించు. నేతవీధి జోలికి పోను. చూపించలేకపోయావో, ఆ సాయంత్రమే వీధి రాసిచ్చే పత్రం మీద ముద్ర వేస్తాను. ఏం?"

"చిత్తం మారాజా," అంది గవరమ్మ.

బయటికి రాగానే సోమలింగం తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశావమ్మా! పున్నమికి ఇంకా ఎన్ని రోజులున్నాయి? పదే!"

"పది రోజుల్లో నాకు రెండు ఉతుకులు పడతాయి అన్నా. చాలు," అంది.

మర్నాడు ఆమె ఓడ షావుకారు విడిదికి వెళ్ళింది.

"షావుకారుగారూ, దండోరా ప్రకారం వెల తీరని బట్టలు తమవే కదా. నాలుగిళ్ళ మూటల్లో కలిసిపోతున్నాయి. మీకూ ఒక గుర్తు వేస్తే మీ సొత్తు భద్రంగా ఉంటుంది."

షావుకారు మురిసిపోయాడు. "ఇన్నాళ్ళకి ఒక బుద్ధిమంతురాలు కనిపించింది! ఏం గుర్తు వేస్తావు?"

"తమరు సముద్రం మీద తిరిగేవారు. గాలం వేస్తాను."

"బాగుంది, బాగుంది!" అని షావుకారు తన పుస్తకం తెరిచి ఒక్కో పేరే చదివాడు. గవరమ్మకి రాయడం రాదు. కానీ వంద ఇళ్ళ మూటలు కలిపి ఉతికి, ఒక్కటీ తారుమారు కాకుండా ఇచ్చే మనిషి. విన్నది విన్నట్టు గుర్తు పెట్టుకుంది.

పున్నమి కొలువుకి ముందు వారం కోటలోని బట్టలన్నీ చాకిరేవుకి పంపడం పాత ఆనవాయితీ. మంత్రుల ఇళ్ళవీ, ఊరివీ అంతే. అవన్నీ వచ్చాయి. గవరమ్మ బానలో చవుడు మట్టి వేసి ఉడికించింది, ఉతికింది, గంజి పెట్టింది, ఆరేసింది. ఆరినవి మడతపెట్టేటప్పుడు వెల తీరని ప్రతి బట్ట మూలనా గింజ రసం తాకించింది. ఊళ్ళో ఉన్న చాకలి గాడిదలన్నీ పున్నమికి ముందు రెండు రోజులూ తిరుగుతూనే ఉన్నాయి.

పున్నమి పొద్దున రాజుగారు స్నానం చేసి వచ్చాడు. "నెమలి కంఠం పట్టు తీసుకురండి!"

లేదు.

"పోనీ, పువ్వుల అంగరఖా!"

అదీ లేదు. తలపాగా లేదు, ఉత్తరీయం లేదు, కిటికీలకి తెరలు కూడా లేవు. బిరుదులు చదివే మనిషి రాలేదు. కట్టుకోవడానికేమీ లేక ఇంట్లో తలుపు వేసుకు కూర్చున్నానని కబురు పంపాడు. మంత్రి కూడా అదే కబురు.

"పిలవండి ఆ గవరమ్మని!" అని కోట అదిరేలా అరిచాడు రాజు.

ఆమె వచ్చి గుమ్మం బయటే తల దించుకుని నిలబడింది. ఆమె వెనకాలే సోమలింగం. ఆ వెనకాల రొప్పుతూ ఓడ షావుకారు.

"నా బట్టలేవీ?"

"గుర్తింటికి చేర్చాను మారాజా."

"ఏ ఇంటికి?"

"షావుకారుగారి విడిదికి. వెల తీరేదాకా ఆయన సొత్తేనని తమ దండోరా. చాకలిదాన్ని, ఒకరి బట్ట ఇంకొకరింట్లో ఇవ్వలేను కదా."

"అన్నీనా?"

"అన్నీ. కోటవీ, మంత్రిగారివీ, ఊరందరివీ." గవరమ్మ తల ఎత్తకుండానే అంది. "తమరు నడుముకి చుట్టుకున్న ఆ తుండు కూడా షావుకారుగారిదే మారాజా. అడగడానికి మొహమాటపడ్డాను."

రాజు గబుక్కున తుండు గట్టిగా పట్టుకున్నాడు.

షావుకారు చేతులు జోడించాడు. "మహారాజా, నా విడిదిలో కాలు పెట్టే చోటు లేదు. ఊళ్ళోవాళ్ళంతా పాత గోచీలతో వచ్చి నా గుమ్మం ముందు కూర్చున్నారు. ఈ బట్టలు నేనేం చేసుకోను? నాకు కావలసింది వెల!"

"విన్నారా మారాజా," అంది గవరమ్మ. "ఆయనకి బట్టలు వద్దు. అందుకే వీధి అడిగారు. రేపు వీధి అయిపోతే పొలం అడుగుతారు. అడగడంలో ఆయన తప్పేం లేదు, సరుకు ఇచ్చారు. ఇవ్వాల్సినవాళ్ళం మనం ఏం పెట్టి ఇస్తాం? ఇంతకాలమూ ఆ నలభై మగ్గాలే కదా ఓడ నింపింది."

"ఇప్పుడూ ఓడలు బరువుగానే వెళ్తున్నాయిగా!"

"అది ఇసక మారాజా."

"ఏమిటీ?"

"ఖాళీ ఓడ అలలకి తిరగబడుతుందని అడుగున ఇసక పోసుకుంటారు. తవ్వేది మా చాకిరేవు పక్కనే. మా అత్తగారు ఉతికిన బండ ఒక పక్కకి ఒరిగిపోయింది. నేనిప్పుడు నడుం వంకరగా పెట్టి ఉతుక్కుంటున్నాను."

రాజు షావుకారు వైపు చూశాడు. షావుకారు నేల చూపులు చూశాడు.

"ఇసక మోసుకెళ్ళడం నాకు మాత్రం సరదానా మహారాజా? మీ నాన్నగారి రోజుల్లో మా వాళ్ళు ఇక్కడి పంచెలకి ఎగబడేవారు. ఇప్పుడు అడిగితే మగ్గాలు ఆగిపోయాయన్నారు."

కిటికీలకి తెరల్లేవేమో, సముద్రపు గాలి నేరుగా లోపలికి వచ్చింది. కొలువు ముహూర్తం దాటిపోతోంది.

"మరి నేను కొలువుకి ఎలా వెళ్ళను గవరమ్మా?" అన్నాడు రాజు. ఈసారి గొంతులో బిరుదులేమీ లేవు.

గవరమ్మ చంకలోని చిన్న మూట గుమ్మంలో పెట్టింది. "కోట గుర్తు తప్ప గాలం గుర్తు పడనిది మొత్తం ఉతుకులో ఇదొక్కటే దొరికింది."

రాజు విప్పాడు. తెల్లటి పంచె, సన్నటి మామిడిపిందెల అంచు. మూలన మూడు చుక్కలు. అవి గవరమ్మ వేసినవి కావు, ఆమె అత్తగారు వేసినవి. ముప్ఫై ఏళ్ళకి నలుపు కాస్త గోధుమరంగుకి తిరిగింది.

"నాన్నగారిది," అన్నాడు రాజు మెల్లగా.

"మా నాన్న నేసింది," అన్నాడు సోమలింగం. "అంచు దగ్గర ఒక పోగు తప్పింది చూడండి. పెద్దరాజుగారు అది చూసి కూడా వెల పూర్తిగా ఇచ్చేశారట."

రాజు లోపలికి వెళ్ళి అది కట్టుకుని వచ్చాడు. ఉతికి ఉతికి అది పాలమీగడలా మెత్తబడింది. గంజి వాసన వేసింది. చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని మగ్గాల టకటకలు లెక్కపెట్టడం, లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టడం, ఎందుకో అదే గుర్తొచ్చింది ఆయనకి. చెవి ఒగ్గి విన్నాడు. ఊరు నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడాయన నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత కడుపు పట్టుకుని. "ఇన్ని బిరుదులున్న రాజుని తుండుతో నిలబెట్టావే గవరమ్మా! అదీ నా సొంత దండోరాతో!"

ఆ తర్వాత అలాగే, తలపాగా లేకుండా, కొలువుకి నడిచాడు. ఆ కబురు విని మంత్రీ మిగతావాళ్ళూ పాత గోచీలతోనే వచ్చారు. నేతవీధి పత్రం చింపేశాడు. షావుకారుని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "రేవు తెరిచే ఉంటుంది, సుంకం అడగను. కానీ నిండుగా వచ్చిన ఓడ నిండుగా వెళ్ళాలి, ఇసకతో కాదు. పాత బాకీ పంచెలతో తీరుస్తాం. ఇకపై పుట్టని పంట రాసిచ్చి ఎవరూ చీర కొనకూడదు." షావుకారు ఒప్పుకున్నాడు. ఆయనకీ అదే లాభం.

చివర గవరమ్మని పిలిచాడు. ఒరిగిన బండ సరిచేయిస్తానన్నాడు. రెండు కొత్త గాడిదల్ని ఇప్పించాడు. ఇంట్లో మిగిలిన నూలుతో సోమలింగం కిందటి నెలలో నేసిన చీర ఒకటి తెప్పించి ఆమె చేతిలో పెట్టాడు.

గవరమ్మ సంతోషంగా కళ్ళకద్దుకుంది. ఆ వెంటనే మడత విప్పి, మూల తిరగేసి, అనుమానంగా చూసింది.

రాజుకి అర్థమైంది. "రొక్కమిచ్చే కొన్నానమ్మా! కావాలంటే సోమలింగాన్ని అడుగు."

"చివరి కాసుతో సహా ముట్టింది," అన్నాడు సోమలింగం.

గవరమ్మ బొడ్లోంచి జీడిగింజ తీసింది. తీసి, ఆగిపోయింది. ఊరందరి గుర్తులూ ఆమెకు కంఠతా వచ్చు. తనింటికి గుర్తంటూ ఒకటి ఎప్పుడూ పెట్టుకోలేదు. అవసరం పడలేదు.

కోటకి మూడైతే తనకి ఒకటి చాలన్నట్టు, చీర మూలన చిన్నగా ఒక్క చుక్క పెట్టుకుంది. రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి కొలువంతా నవ్వింది.