నాంచారి తేల్చని తగువు

అనగా అనగా కొండల నడుమ ఒక ఊరు. ఆ ఊరి పేరు రాగులదిన్నె. ఇది మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిన కథ. ఆ అవ్వకు ఎవరు చెప్పారని మాత్రం అడగకండి, అంత వెనక్కి నేను నడవలేను.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒక ముసలిది గుగ్గిళ్ళు అమ్ముకుని బతికేది. పొద్దున్నే శనగలో ఉలవలో ఉడకబెట్టి, తాలింపు వేసి, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది. ఆమెకు ఇల్లంటే ఒక గుడిసె, ఆస్తంటే ఒక గంప, బలగమంటే ఒక నోరు. ఆ నోటితో ఊరందరితో తగువు పెట్టుకునేది. చింతకాయ పులుపు మీద తగువు. వాన ఏ వేళకు వస్తుందన్న దాని మీద తగువు. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారన్న దాని మీద తగువు. ఒక్కటీ తేల్చేది కాదు. తగువు మంచి పాకాన పడిందనుకునేసరికి గంప ఎత్తుకుని, "తేలలేదు లే, రేపు తేల్చుకుందాం" అని వెళ్ళిపోయేది. అవతలివాళ్ళు నోరు తెరుచుకుని నిలబడిపోయేవాళ్ళు.

ఆ ఊరిని ఏలే పాలెగాడు ఓబుళనాయుడు. ఆయన తండ్రి పెద్దనాయుడు. వయసులో ఉన్నప్పుడు కొండ మీద ఒంటరిగా పులిని చంపినవాడని పెద్దనాయుడికి పేరు. ఆ పులి చర్మాన్ని చెదలు తినేసి చాలా కాలమైంది గానీ, పేరు మాత్రం అట్లాగే ఉంది. ముసలితనంలో ఆయన భార్య పోయింది. ఆమె పోగానే పెద్దనాయుడు మాట మానేశాడు. తర్వాత తిండి మానేస్తూ వచ్చాడు. ఆఖరికి మనుషుల ముఖం చూడడం కూడా మానేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

వైద్యుడు నాడి పట్టుకుని చూశాడు. "ఒంట్లో ఏ జబ్బూ లేదు నాయుడూ. ఆయనకే ఉండాలని లేదు. ఇట్లే ఉంటే ఈ చలికాలం దాటడు" అన్నాడు.

ఓబుళనాయుడికి గుండె నీరయిపోయింది. అంత పాలెగాడూ స్తంభం చాటుకు పోయి కళ్ళు తుడుచుకున్నాడు. "మా నాయనకు నలుగురు తోడుండల్ల. ఊళ్ళో ముసలోళ్ళందురూ కూర్చునేదానికి ఒక సావిడి కట్టిస్తా" అన్నాడు.

ఎట్లా కట్టాలని ముగ్గురిని అడిగాడు.

మేస్త్రీ అన్నాడు: "ఎండ పొడ తగలకుండా గోడలు మందంగా కడతాం దొరా."

వైద్యుడు అన్నాడు: "ముసలి ప్రాణాలకు చప్పుడు పడదు. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు."

దివాను అన్నాడు: "పెద్దవాళ్ళకు మర్యాద ముఖ్యం. ఒకరి మోకాలు ఒకరికి తగలకుండా ఎవరి అరుగు వాళ్ళకు వేయిద్దాం."

ముగ్గురూ మంచిమాటే చెప్పారు. ముగ్గురు చెప్పినట్టూ కట్టారు. మీకేం కావాలని ముసలివాళ్ళను అడగాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. మంచి మనసుతో చేసే పనుల్లో ఇదొక చిక్కు, ఇప్పటికీ ఉంది.

మొదటి రోజు ఊళ్ళోని ముసలివాళ్ళందరూ వచ్చారు. చల్లగా ఉందన్నారు, పప్పన్నం బాగుందన్నారు, దణ్ణం పెట్టి వెళ్ళారు. రెండో రోజు సగం మంది వచ్చారు. మూడో రోజు పిచ్చుకలు వచ్చాయి.

చివరికి పెద్దనాయుడొక్కడే మిగిలాడు. నౌకర్లు ఆయన్ను రోజూ పల్లకిలో తెచ్చి దించేవాళ్ళు. ఆయన అక్కడి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఇంటి గోడ పోయి సావిడి గోడ వచ్చింది, అంతే తేడా. చలికాలం దగ్గరికొచ్చింది. ఓబుళనాయుడు విసిగిపోయి సావిడి దగ్గరికి వచ్చి, "రేపట్నుంచి దీంట్లో గుర్రాలకు గడ్డి వేసుకోండి" అని కావలివాడితో చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే నాంచారి వచ్చింది. కొత్త సావిడి కదా, జనం ఉంటారనుకుంది. మెట్ల మీద గంప దించి, "గుగ్గిళ్ళో!" అని కేకేసింది.

కావలివాడు పరిగెత్తుకొచ్చాడు. "ఉష్! ఈడ గట్టిగా మాట్లాడకూడదు."

"మాట్లాడకుండా ఉండేదానికి సావిడెందుకప్పా? ఆ గోడ చూస్తా కూర్చున్న పెద్దాయన ఎవరు?"

"తెలీదా? పులిని చంపిన పెద్దనాయుడు."

నాంచారి ఆ వంగిన వీపునూ, ఎముకలు తేలిన భుజాలనూ కాసేపు చూసింది. తర్వాత గొంతు పెంచింది.

"పులేంది? దుమ్ములగొండి కదా!"

కావలివాడు కర్ర ఎత్తాడు. దుమ్ములగొండి అంటే చచ్చిన గొడ్ల ఎముకలు కొరుక్కుంటూ తిరిగే జంతువు. దాన్ని చంపావంటే మగవాడికి తలకొట్టేసినట్టే. కర్ర కిందికి దిగేలోపు గోడ దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమంటివే?"

ఓబుళనాయుడు గబుక్కున ఆ కర్ర పట్టుకున్నాడు. అది తన తండ్రి గొంతు. పెద్దనాయుడు ఇటువైపు తిరిగాడు.

"దుమ్ములగొండి అంటిని దొరా" అంది నాంచారి.

"దానికి చారలుండాయే!"

"దుమ్ములగొండికి మాత్రం చారలుండవా?"

"ఈటె దిగితానే కొండ అదిరేటట్టు గాండ్రించింది!"

"దుమ్ములగొండి నవ్వుతాది దొరా. తమరు బెదురులో గాండ్రింపనుకునింటారు."

"బెదురా? నాకా?" అని పెద్దనాయుడు లేచి నిలబడ్డాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాడు.

నాంచారి గంప ఎత్తుకుంది. "తేలలేదు లే దొరా. రేపు తేల్చుకుందాం."

"ఇప్పుడే తేలల్ల! కూర్చో!"

"నా శనగలు నానబెట్టేదెవరు? రేపు తేల్చుకుందాం" అని ఆమె వెళ్ళిపోయింది.

పెద్దనాయుడు ఇంటికి పోయి, "సంగటి పెట్టండి. రేపు దాని నోరు మూయించేదానికి బలం కావల్ల" అన్నాడు. మర్నాడు పల్లకి వచ్చేదాకా ఆగలేదు. కర్ర పట్టుకుని తనే నడిచాడు.

మాట ఊరంతా పాకింది. తమాషా చూడాలని మొదట ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. తర్వాత ఇరవై మంది వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరకుంటారా? సగం మంది పులి పక్షం, సగం మంది దుమ్ములగొండి పక్షం. చెవిటి మల్లప్ప మాత్రం అది ఎలుగుబంటి అన్నాడు. ఎంత చెప్పినా వినిపించుకోడు కాబట్టి ఆయన్ను మూడో పక్షంగా ఒప్పుకున్నారు. దూరం దూరంగా వేసిన అరుగులు వదిలేసి, మోకాలికి మోకాలు తగిలేలా అందరూ నేల మీదే కూర్చున్నారు. చప్పుడు పడదన్న వైద్యుడు పులి పక్షం చేరి అందరికంటే గట్టిగా అరిచేవాడు. గుర్రాల గడ్డి మాట ఎవరికీ గుర్తే లేదు.

రోజూ పొద్దుగూకే వేళకు నాంచారి గంప ఎత్తేది. "తేలలేదు లే, రేపు తేల్చుకుందాం" అనేది. మర్నాడు ఎవరూ రాకుండా ఉండలేకపోయేవాళ్ళు.

ఒక చలికాలం వచ్చి పోయింది. పెద్దనాయుడు పోలేదు. ఇంకో చలికాలం వచ్చి పోయింది. పెద్దనాయుడు పోలేదు. మూడో చలికాలంలో నాంచారి సావిడికి రావడం మానేసింది.

పెద్దనాయుడు కర్ర తీసుకుని ఆమె గుడిసెకు వెళ్ళాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి, తల వంచి లోపలికి దూరాడు. నాంచారి చాప మీద పడుంది, జ్వరంతో ఒళ్ళు పేలిపోతోంది. ఆయన నేల మీద కూర్చున్నాడు.

"నాంచారీ, నువ్వే గెలిచినావు. అది దుమ్ములగొండే."

ఆ మాట నిజమో, ఆమె కోసం అన్నాడో మనకు తెలియదు. బతుకంతా మోసుకొచ్చిన పేరును మాత్రం ఆమె చాప పక్కన పెట్టేశాడు.

నాంచారి కళ్ళు తెరిచింది. "కాదు దొరా, పులే. నా చిన్నప్పుడు మా నాయన భుజమ్మీద కూర్చోని చూసినా. దాన్ని ఊరేగిస్తా తెచ్చినారు, ముందర తమరు నడుస్తాండిరి. అట్లాంటి పులిని మళ్ళా చూడలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకంటివే?"

"తమరు గోడ చూస్తాంటిరి కదా దొరా."

పెద్దనాయుడికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, "చంపినోణ్ణి నేను చెప్తాండా. దుమ్ములగొండే" అన్నాడు.

"చూసినదాన్ని నేను చెప్తాండా. పులే."

"దుమ్ములగొండే!"

నాంచారి నవ్వింది. "తేలలేదు లే దొరా. రేపు తేల్చుకుందాం" అంది. అదే ఆమె ఆఖరి మాట.

పెద్దనాయుడు సావిడి గుమ్మం పక్కన ఆమె బొమ్మ చెక్కించాడు. నెత్తిన గంప, కాళ్ళ దగ్గర ఒక జంతువు. "పులిని చెక్కాల్నా, దుమ్ములగొండినా?" అని శిల్పి అడిగాడు. "చారలు చెక్కు. మొగం వదిలెయ్" అన్నాడు పెద్దనాయుడు. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు, రోజూ వచ్చాడు, రోజూ దుమ్ములగొండి పక్షమే మాట్లాడాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరైనా ముసలితనం వచ్చి సావిడికి కొత్తగా వస్తే, ముందు గుప్పెడు గుగ్గిళ్ళు చేతిలో పోస్తారు. తర్వాత, "పులా, దుమ్ములగొండా?" అని అడుగుతారు. ఏది చెప్పినా ఇద్దరు కాదంటారు. ఆ కొత్త మనిషి మర్నాడు తప్పకుండా వస్తాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒక్క తగువైనా తేలకుండా మిగల్చాలి, అది అక్కడి కట్టుబాటు. ఎవరైనా మంచాన పడితే మిగతావాళ్ళు ఇంటికి పోయి, మంచం చుట్టూ కూర్చుని, తగువు మొదలుపెట్టి సగంలో లేస్తారు. "పోయొస్తాం" అని ఎవరూ అనరు. "రేపు తేల్చుకుందాం" అంటారు.

అన్ని కథలూ కంచికి పోతాయంటారు. నాంచారి కథ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ సావిడి మెట్ల మీద గంప దించుకుని కూర్చుంది. అది పులో దుమ్ములగొండో తేలేదాకా లేవదట.